దూరపు కొండల కింద పాత ఇల్లు: ఇంగ్లండా, ఇటలీనా, జపానా?

ఉత్తర ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో మాకో పాత రాతి ఇల్లుందని తెలిసినప్పటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "అక్కా, ఇటలీలో ఒక్క యూరోకే ఇల్లిస్తున్నారట కదా, నువ్వెందుకు అంత పోసి కొన్నావు?" అని ఒకరు. "జపాన్‌లో ఊళ్లకి ఊళ్లు ఖాళీ అట, చూడలేదా?" అని ఇంకొకరు. అడిగేవాళ్లలో సగం మంది బొమ్మలు వేసేవాళ్లు, రాసుకునేవాళ్లు. ఉద్యోగం అయిపోయాక కొండ కనబడే కిటికీ పక్కన కూర్చుని, ఆ తర్వాత ఆ ఇంటిని ఎవరో ఒకరికి పనికొచ్చేలా వదిలి వెళ్లాలని ఆశ. నేనూ ఆ బాపతే. నీటిరంగుల పిచ్చి నాది, లెక్కల పిచ్చి మా ఆయనది. కొనేముందు నాలుగేళ్లపాటు మూడు దేశాల్లోనూ ఇళ్లు చూశాం. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

నా తీర్పు ముందే చెప్పేస్తాను, కావాలంటే ఇక్కడే ఆపేయండి. మీరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండేచోటి నుంచి మూడు గంటల్లో చేరలేని పాత ఇల్లు కొనొద్దు. ధర, పన్ను, చట్టం అన్నీ దీని తర్వాతే. ఎందుకో చెప్తాను.

ముందు, మీరు ప్రేమించే ఆ దృశ్యం ఎవరి కష్టమో చూడండి. లేక్ డిస్ట్రిక్ట్ కొండలు బోడిగా, పచ్చగా, నున్నగా ఉంటాయి. ఆ నునుపు గొర్రెల పని. హెర్డ్‌విక్ అనే జాతి గొర్రెలు వందల ఏళ్లుగా మేసి మేసి కొండని అలా ఉంచాయి. పైన కంచెలుండవు. అయినా ఏ మంద తన కొండ దాటి పోదు, తల్లి వెంట తిరిగి పిల్ల హద్దు నేర్చుకుంటుంది. దీన్ని ఇక్కడి రైతులు 'హెఫ్ట్' అంటారు. పొలం చేతులు మారినా మంద ఆ కొండకే ఉండిపోవడం అందుకే. కుందేలు పిల్లల కథలు రాసిన బీయాట్రిక్స్ పాటర్ 1905లో నియర్ సారే అనే ఊళ్లో హిల్ టాప్ అనే చిన్న ఫారం కొంది. అక్కడితో ఆగి ఉంటే ఆమెది కూడా మనలాంటి కిటికీ కలే. ఆమె గొర్రెల పెంపకంలోకి దిగింది, పక్క ఫారాలు అమ్మకానికి వస్తే కొంటూ పోయింది. 1943లో చనిపోయేనాటికి 4,000 ఎకరాలకి పైగా నేషనల్ ట్రస్టుకి, అంటే పాత ఇళ్లనీ నేలనీ కాపాడే సంస్థకి, రాసిచ్చింది, హెర్డ్‌విక్ మందలు ఆ కొండల మీదే ఉండాలని కోరింది. తన కిటికీలోంచి కనబడేదాన్ని కూడా ఆమె ఇంటి కిందే లెక్కేసింది.

ఇటలీకి వస్తే, క్యాలెండర్లలో కనబడే టస్కనీ సియెనా దగ్గరి వాల్ డోర్చా లోయ. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. సియెనా పురభవనంలో ఆంబ్రోజో లోరెంజెట్టి 1338-39లో గీసిన కుడ్యచిత్రంలో మంచి పాలన ఉన్న పల్లె ఎలా ఉంటుందో చూపిస్తాడు: దున్నిన చాళ్లు, ద్రాక్షతోట, రోడ్డు మీద గాడిదలు. ఇప్పటికీ ఆ లోయలో అదే అమరిక. కానీ అందులో సైప్రస్ చెట్ల వంకర దారి ఉందే, అది నిన్నమొన్నటిది. ఐరిస్ ఒరిగో అనే రచయిత్రి, ఆమె భర్త పెళ్లయిన కొత్తలో, 1924 ప్రాంతంలో లా ఫోచే అనే ఎస్టేటు తీసుకున్నప్పుడు అక్కడ చాలాభాగం బోడి మట్టి దిబ్బలే. నీళ్లు తెచ్చి, నేల బాగుచేసి, తోట వేసి, దారులు వేశారు. మనం ఇప్పుడు ఫొటో తీసుకునేది వాళ్ల జీవితకాలపు పని. ఆ లోయలో చవక ఇళ్లు ఉండవు. చవకవి దక్షిణాన సిసిలీ, మోలీజే, అబ్రూజో కొండ ఊళ్లలో ఉంటాయి. అక్కడ కుర్రాళ్లు వెళ్లిపోయారు, ఆలివ్ గట్లు ముళ్లపొదలైపోతున్నాయి. మేం చూసిన ఒక ఇంటి బాల్కనీ నుంచి దృశ్యం అద్భుతం, అందులో సాగులో ఉన్నది మాత్రం ఒకే ఒక ముసలాయన మడి.

జపాన్ కొండలు దూరం నుంచి నీలంగా, దగ్గరికెళ్తే చీకటిగా ఉంటాయి. యుద్ధం తర్వాత కలప కోసం నాటిన సుగి చెట్లు, ఒకే ఎత్తు, ఒకే వరుస. ఆ చీకట్లో బొమ్మ వేయడం నాకు చేతకాలేదు, అది నా లోపమే. మా అబ్బాయి ఒసాకాలో పనిచేస్తాడు, వాడి దగ్గరికి వెళ్లినప్పుడల్లా షికోకు దీవిలోని ఇయా లోయకి వెళ్లేవాళ్లం. నిట్టనిలువు కొండ వాలు మీద ఇళ్లు అతికించినట్టుంటాయి.

ఇక ఇల్లు. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే డబ్బంతా పోయేది ఇక్కడే.

మా వంటగది వెనక గోడ రెండడుగుల మందం. బయటా లోపలా రాయి, మధ్యలో రాతి ముక్కలూ మట్టీ. 1970ల్లో ఎవరో లోపలివైపు సిమెంటు పూశారు. కొనేముందు తనిఖీ చేసినాయన రిపోర్టులో "కొంచెం చెమ్మ" అని రాసి ఊరుకున్నాడు. ఆ రెండు మాటలకి మాకు రెండేళ్లు పట్టింది. మొదటి చలికాలంలోనే రంగు పొంగింది, బియ్యం డబ్బా వెనక నల్ల బూజు. ఊళ్లో ఒక పెద్దాయన, రాతి పని చేసే మేస్త్రీ, వచ్చి ఉలి వెనకవైపుతో గోడ తట్టుకుంటూ పోయాడు. టక్ టక్ టక్, ఒకచోట డొల్ల శబ్దం. అక్కడ ఉలి పెట్టి లేపితే అరచేయంత పెచ్చు ఊడి నా చేతిలో పడింది. వెనకవైపు తడి, మంచుముక్కలా చలి, చేపల బుట్ట అడుగు వాసన. రాళ్ల మధ్య మట్టి వేలితో నొక్కితే దిగిపోయింది. రాతి గోడ వానని తాగుతుంది, పొడి రోజున వదులుతుంది. సిమెంటు ఆ వదిలే దారి మూసేసింది. ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు దాటి వాన పడే లోయలున్న ప్రాంతమిది. వాన గోడలోనే ఉండిపోయిందన్నమాట.

సిమెంటంతా చెక్కించి, ఒక వేసవంతా గోడ ఆరబెట్టి, సున్నం మూడు పూతలు వేయించాం. 3.5 రకం హైడ్రాలిక్ సున్నం (నీళ్లు తగిలితే గట్టిపడే రకం), సన్న ఇసుక. పూత గబుక్కున ఆరిపోతే బీటలు తీస్తుంది కాబట్టి తడి గోనెపట్టాలు వేలాడదీయాలి. రోజుకి మూడుసార్లు నీళ్లు చల్లడం నా డ్యూటీ. ఆ గోనెలు చూసి అమలాపురం దగ్గర మా తాతయ్య మండువా ఇల్లు గుర్తొచ్చింది. ఎద్దు తిప్పిన గానుగ సున్నం, అందులో బెల్లం, కరక్కాయ నానేసిన నీళ్లు కలిపేవారని నాయనమ్మ చెప్పేది. 1990ల్లో మా బాబాయిలు ఆ గోడలకీ సిమెంటు పూయించారు. ఆ తర్వాతే పెచ్చులూడటం మొదలైంది. ఇంటికి ఆరుగురు వాటాదారులు, ఉండేవాళ్లు ఒక్కరూ లేరు. ఇప్పుడక్కడ డాబా ఉంది, అదీ వేరేవాళ్లది.

ఇటలీ రాతి గోడలకీ సున్నమే. అక్కడ దానికి తోడు భూకంపం. 2009 ఏప్రిల్లో లాక్విలా, 2016 ఆగస్టులో అమట్రీచే. మట్టితో పేర్చిన రాతి గోడల ఊళ్లు ఏమయ్యాయో అబ్రూజోలో కళ్లారా చూశాను. ఇనుప కడ్డీలతో గోడకి గోడని బిగించే పని, కప్పు అంచుల చుట్టూ పట్టీ వేసే పని, ఇవి అంచనాలో లేని కొటేషన్ ఎవరైనా ఇస్తే పక్కన పడేయండి.

జపాన్ పాత ఇల్లు మనకి ఇంకా దగ్గర. వెదురు తడికెకి మట్టి మెత్తిన గోడలు, మేకుల్లేకుండా కొలికి పట్టిన దూలాలు. నేల మధ్య పొయ్యి గుంట ఉంటుంది. ఆ పొగ వందేళ్లపాటు దూలాలనీ గడ్డి కప్పునీ పురుగు పట్టకుండా కాసింది. మనిషి వెళ్లిపోయి పొయ్యి ఆరిపోయాక కప్పు కుళ్లడం మొదలవుతుంది. మేం చూసిన ఒక ఇంట్లో చాప మీద అడుగేస్తే కాలు మెత్తగా దిగింది, కింద చెదలు. గోడలో చెక్క మందిరం అలాగే ఉంది, అందులో వాళ్ల పెద్దల పేర్లు, ముందు చిన్న గిన్నె. ఇల్లు తీసుకుంటే వీళ్లనీ మీరే చూసుకోవాలన్నట్టు చూశాడు ఏజెంటు. చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాం. బేరం దాకా కూడా పోలేదు.

ఇక చట్టాలు. ఒక్కో దేశానిదీ ఒక్కో రకం పట్టు.

ఇంగ్లండ్‌లో విదేశీయులు కొనొచ్చు, కానీ పాత ఇల్లు 'లిస్టెడ్' అయితే, అంటే కాపాడాల్సిన కట్టడాల ప్రభుత్వ జాబితాలో ఉంటే, లోపలి గోడని కదిపినా అనుమతి కావాలి. అనుమతి లేకుండా చేస్తే అది నేరం, జరిమానాతో పోయే తప్పు అనుకోకండి. సిమెంటు తీయడానికి కూడా మేం అడిగే తీశాం. లేక్ డిస్ట్రిక్ట్‌లో కొన్ని ఇళ్లు స్థానికులే ఉండాలన్న షరతుతో ఉంటాయి. ధర తక్కువగా కనబడితే ముందు ఆ షరతు వెతకండి. రెండో ఇంటికి స్టాంపు డ్యూటీ మీద అదనం, మేం కొన్న 2021లో 3 శాతం, 2024 అక్టోబరు ఆఖరు నుంచి 5 శాతం. ఆ దేశంలో నివాసం లేనివాళ్లకి ఇంకో 2. ఇక్కడి కౌన్సిల్ 2025 ఏప్రిల్ నుంచి రెండో ఇళ్లకి కౌన్సిల్ పన్ను (మన మునిసిపాలిటీ ఇంటి పన్ను లాంటిది) రెట్టింపు చేసింది. దానికి నేను గొణగను. సెలవుల ఇళ్లతో నిండి, బడి పిల్లలు లేని ఊళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. ఒక్క ఊరట: రెండేళ్లు ఖాళీగా ఉన్న ఇల్లయితే మరమ్మతు బిల్లు మీద 20 శాతం బదులు 5 శాతమే వ్యాట్. ఖాళీగా ఉందన్న రుజువు సంతకాలకి ముందే సంపాదించండి. మేం ఆలస్యంగా అడిగి మొదటి బిల్లుకి పూర్తిగా కట్టాం.

గబ్బిలాల మాట మర్చిపోయాను. కప్పు కింద గబ్బిలాలుంటే వేసవిలో సర్వే చేయించాలి, పిల్లలు పెట్టే కాలంలో కప్పు ముట్టుకోకూడదు. కురుస్తున్న కప్పు కింద బకెట్లు పెట్టుకుని వాటి పురిటి రోజులు అయ్యేదాకా కూర్చున్నాం.

ఇటలీలో ఒక యూరో ఇల్లు నిజమే, అబద్ధం కాదు. సిసిలీలో సలేమీ 2008లో మొదలెట్టింది, సంబూకా 2019లో ప్రపంచమంతా మారుమోగింది. సాధారణంగా 5,000 యూరోల పూచీ, మూడేళ్లలో బాగుచేస్తానన్న హామీ అడుగుతారు. రిజిస్ట్రేషన్ పన్ను కనీసం 1,000 యూరోలు, అంటే ఇంటికి వెయ్యి రెట్లు. మామూలుగా కొంటే రెండో ఇంటికి 9 శాతం, అయితే ప్రైవేటు మనిషి దగ్గర కొన్నప్పుడు అమ్మిన ధర మీద కాకుండా రికార్డుల్లోని విలువ మీద లెక్కేయించుకోవచ్చు, అది చాలా తక్కువ. అక్కడ 'జియోమెట్రా' అని ఒకాయన ఉంటాడు, సర్వేయరు, ఇంజినీరు, మన మండలాఫీసు తిరుగుళ్లు తెలిసిన మనిషి, అందరూ కలిసినట్టు. ఆయన్ని మీరు పెట్టుకోండి, అమ్మేవాడి మనిషితో సరిపెట్టుకోవద్దు. మాకు నచ్చిన అబ్రూజో ఇంట్లో బాత్రూము రికార్డు ప్లానులో లేనే లేదు. దాన్ని క్రమబద్ధం చేయకుండా నోటరీ ముందు రిజిస్ట్రేషన్ జరగదు. ఎనిమిది నెలలు చూసి వదిలేశాం. ఇంకోటి, భారత పాస్‌పోర్టుతో, అక్కడ నివాస అనుమతి లేకుండా కొనాలంటే పరస్పరత నియమం చూస్తారు: మీ దేశంలో మావాళ్లు కొనగలరా అని. మన దేశంలో ఉండని విదేశీయులు మన దగ్గర స్థిరాస్తి కొనలేరు కాబట్టి ఇది అడ్డం పడొచ్చు. అడ్వాన్సు ఇచ్చేముందే నోటరీని అడగండి.

జపాన్‌లో ఎవరైనా కొనొచ్చు, కానీ కొన్నంత మాత్రాన వీసా రాదు. 2023 సర్వేలో ఖాళీ ఇళ్లు 90 లక్షలు, మొత్తంలో 13.8 శాతం. చవకకి కారణం అదే, అమ్ముకోలేకపోవడానికి కారణమూ అదే. మూడు చూడండి. 1981 జూన్‌కి ముందు కట్టినదైతే కొత్త భూకంప ప్రమాణాలు వర్తించలేదని అర్థం. 2024 జనవరి 1న నోటో భూకంపంలో పాత చెక్క ఇళ్లు ఎలా కూలాయో అందరం టీవీలో చూశాం. స్థలం రోడ్డుకి రెండు మీటర్లైనా ఆనుకుని లేకపోతే పడగొట్టాక మళ్లీ కట్టనివ్వరు. ఇంటితోపాటు మడి ఉంటే వ్యవసాయ కమిటీ ఒప్పుకోవాలి. అద్దెకిచ్చి ఖర్చు రాబట్టుకుందామంటే, మామూలు ఇంటిని ఏడాదికి 180 రోజులే ఇవ్వొచ్చు.

ఇండియాలో ఉండి కొనేవాళ్లకి ఒక పేరా. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఒక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు పంపొచ్చు, కుటుంబంలో వాళ్లు కలిపి పంపుకోవచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ, అప్పటిదాకా ఆ డబ్బు మేస్త్రీకి ఇవ్వలేరు. రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక ఏటా నింపాలి. ఇంటిని చూపకపోతే 10 లక్షల జరిమానా దాకా పోతుంది.

ఇప్పుడు మీ తర్వాత. కోనిస్టన్ సరస్సు ఒడ్డున బ్రాంట్‌వుడ్ అనే ఇల్లుంది. కళా విమర్శకుడు జాన్ రస్కిన్ 1871లో చూడకుండానే 1,500 పౌండ్లకి కొన్నాడు. సరస్సు ఎదురుగా ఉందని తెలుసు, అది చాలనుకున్నాడు. తీరా చూస్తే పాడుబడ్డ కొంప. కప్పు మార్పించి, సరస్సు బాగా కనబడాలని తన పడకగదికి ఒక గాజు బురుజు కట్టించాడు. ఎదురుగా 'ఓల్డ్ మ్యాన్' అనే కొండ. వీలునామాలో బంధువులకి ఇల్లిస్తూ ఏటా ముప్ఫై రోజులు జనం చూడనివ్వాలన్నాడు. వాళ్లు ఆ మాట పట్టించుకోలేదు. 1930ల మొదట్లో బొమ్మలు, పుస్తకాలు, సామాను వేలంలో చెల్లాచెదురయ్యాయి. 1932లో వైట్‌హౌస్ అనే అభిమాని ఇల్లు కొని, పోయినవి వెతికి తెచ్చి, తలుపులు తెరవకపోతే ఇప్పుడక్కడ ఏమీ ఉండేది కాదు. ఇయా లోయలో అలెక్స్ కెర్ అనే అమెరికన్ 1973లో కొన్న చీయోరి అనే గడ్డి కప్పు ఇంటిది వేరే దారి. అది ఇప్పుడు అతిథులకి అద్దెకిస్తారు, పొయ్యి ఆరకుండా ఉంది.

మనకి వైట్‌హౌస్‌లు దొరకరు. ట్రస్టులు మామూలు ఇళ్లు తీసుకోవు, తీసుకున్నా నిర్వహణకి నిధి అడుగుతాయి. కాబట్టి పన్ను కూడా చూసుకోవాలి. ఇంగ్లండ్‌లో 3,25,000 పౌండ్లు దాటిన ఆస్తి మీద 40 శాతం వారసత్వ పన్ను. జపాన్‌లో పై మెట్టు 55 శాతం, పైగా 2024 ఏప్రిల్ నుంచి వారసులు మూడేళ్లలో పేరు మార్పించుకోవడం తప్పనిసరి. ఇటలీ ఇందులో ఉదారం: పిల్లలకి తలా 10 లక్షల యూరోల దాకా ఏమీ లేదు, పైన 4 శాతమే. కానీ అక్కడి చట్టం ఆస్తిలో పెద్ద వాటా పిల్లలకే కట్టేస్తుంది. వీలునామాలో మీ పౌరసత్వ దేశపు చట్టం ఎంచుకుంటున్నానని రాస్తే తప్పించుకునే వీలుంది. ఒక సంస్థకో, స్నేహితుడికో ఇవ్వాలనుకుంటే ఈ ఒక్క వాక్యం మర్చిపోవద్దు.

ఎవరికి ఏది? యూరప్‌లోనే ఉద్యోగం ఉండి, ఇటాలియన్ నేర్చుకునే ఓపిక ఉండి, ఏడాదికి మూడు నెలలైనా ఊళ్లో ఉంటానంటే ఇటలీ. డబ్బుకి వచ్చే ఇల్లు అక్కడిదే పెద్దది, వెలుతురూ అక్కడిదే. బయటి నుంచి వెళ్లేవాళ్లకి 180 రోజుల్లో 90 రోజులే కుదురుతుందని లెక్కలో పెట్టుకోండి. జపాన్ మాత్రం అక్కడే బతుకుతున్నవాళ్లకి, చెక్క పని చేతికి వచ్చినవాళ్లకి. మా అబ్బాయి కొంటానంటే సంతోషిస్తాను, నేను కొనను. ఇంగ్లండ్ ఖరీదు, చీకటి, తడి, కాగితాలు. అయినా మేం ఉండే ప్రెస్టన్ కూడా ఇంగ్లండ్‌లోనే, అక్కడి మా ఇంటి నుంచి గంటన్నర. కప్పు కురిస్తే ఆ రాత్రే వెళ్లగలం. 35,000 పౌండ్లని వేసుకున్న మరమ్మతు 62,000కి వెళ్లినా ఇల్లు నిలబడింది, మేమూ నిలబడ్డాం, వారం వారం వెళ్లి చూసుకోగలిగాం గనక. మూడు గంటల్లో ఏదీ లేకపోతే? ఏటా ఒకే ఇల్లు, ఒకే నెల, అద్దెకి తీసుకోండి. పదేళ్లలో ఆ కొండ మీకు బాగా తెలుస్తుంది, చెమ్మ ఇంటివాడిది. ఏది ఎంచుకున్నా మొదటి రెండు వారాలు నవంబరులో ఉండి చూడండి. వేసవిలో అన్ని కొండలూ నునుపే.

కిందటేడు వీలునామా రాయించాం. ఇల్లు అబ్బాయికి. షరతు పెట్టలేదు, రస్కిన్‌ని చూశాక ధైర్యం చాలలేదు. ఒక కోరిక మాత్రం రాశాను: ప్రతి ఫిబ్రవరిలో రెండు వారాలు, బొమ్మలు వేసేవాళ్లకో రాసేవాళ్లకో ఉట్టినే ఇవ్వమని. వాడికి ఫోన్లో చదివి వినిపించాను.

"ఫిబ్రవరిలో ఆ వానలో ఎవరొస్తారమ్మా?"

"ఎవరూ రాకపోతే నువ్వొచ్చి పొయ్యి వెలిగించు."